ఓపెన్‌స్టాక్స్ అమెరికా చరిత్ర: తొలి కాలపు ఆర్థిక పదాలు నేర్చుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ 2014లో తెచ్చిన అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకం ఇంటర్నెట్‌లో పూర్తిగా ఉచితం. బ్రౌజర్‌లో చదువుకోవచ్చు, పీడీఎఫ్ దించుకోవచ్చు, అచ్చు ప్రతి కావాలంటే డబ్బు పెట్టి తెప్పించుకోవచ్చు. మొత్తం 32 అధ్యాయాలు. ప్రతి అధ్యాయం చివర ‘కీ టర్మ్స్’ పేరుతో ముఖ్య పదాల పట్టిక, దాని తర్వాత సారాంశం, ప్రశ్నలు ఉంటాయి. అమెరికాలో హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ తీసుకున్న మన పిల్లలకూ, ఇక్కడ సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ పెట్టుకున్నవాళ్లకూ టీచర్లు, సీనియర్లు తరచూ చూపించే పుస్తకం ఇది.

ఈ సమీక్ష పుస్తకం మొత్తం మీద కాదు. 1492 నుంచి 1860 వరకు నడిచే 2 నుంచి 12 అధ్యాయాల్లో వాణిజ్యం, పన్నులు, భూమి, బ్యాంకులు, మిల్లులు, పత్తికి సంబంధించిన పదాలను ఈ పుస్తకంతో ఎంత బాగా నేర్చుకోవచ్చు అన్నదే ఇక్కడ చూసింది. తేలిన సంగతి ముందే చెప్పాలంటే, రాజకీయ పదాలకు చివరి పట్టికలు దాదాపు సరిపోతాయి. ఆర్థిక పదాలకు సరిపోవు. ఆ సరుకంతా అధ్యాయాల లోపల ఉంది, చాలా చోట్ల బాగా ఉంది. పట్టికలోని ఒక్క వాక్యం బట్టీపట్టి ఊరుకునే విద్యార్థికి మాత్రం అది అందదు.

కారణం ఆ పదాల స్వభావంలోనే ఉంది. ‘బిల్ ఆఫ్ రైట్స్’ అంటే రాజ్యాంగానికి మొదటి 10 సవరణలు, 1791లో అమల్లోకి వచ్చాయి అని ఒక వాక్యంలో చెప్పొచ్చు. ‘స్పీసీ’ అంటే వెండి బంగారు నాణేలు అని ఒక వాక్యంలో చెబితే ఏమీ చెప్పనట్టే. ఆర్థిక పదం వెనక ఎప్పుడూ ఒక లావాదేవీ ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎంతకు, ఎక్కడ బెడిసింది అన్న నాలుగు సంగతులు తెలిస్తే తప్ప ఆ పదం పరీక్షలో పనిచేయదు.

తొమ్మిదో అధ్యాయం తీసుకుందాం. 1800 నుంచి 1850 వరకు ఉత్తరాది పారిశ్రామికీకరణ దీని విషయం, కాబట్టి ఆర్థిక వృద్ధి మీద చదివేవాళ్లకు గుండెకాయ లాంటిది. చివరి పట్టికలో ఉన్నవి డజనుకు అటూ ఇటూగా పదాలు. పుటింగ్ అవుట్ సిస్టమ్, మెషీన్ టూల్స్, ల్యాండ్ ఆఫీసులు, స్పీసీ, కంబర్లాండ్ రోడ్డు, ఈరీ కాలువ, లేబర్ థియరీ ఆఫ్ వాల్యూ, వర్కింగ్ మెన్స్ పార్టీ వంటివి. ఎంపిక చెడ్డది కాదు. కానీ ఈ యాభయ్యేళ్లకు డజను పదాలు ఏ మూలకు సరిపోతాయి? లోవెల్ పద్ధతి, రోడ్ ఐలండ్ పద్ధతి, కార్పొరేషన్, రక్షక సుంకం (స్వదేశీ పరిశ్రమను కాపాడే దిగుమతి పన్ను) లేకుండా ఈ కాలం మీద ఒక్క వ్యాసం రాయలేం.

పుటింగ్ అవుట్ గురించి పట్టిక చెప్పేది, వర్తకుడు వేర్వేరు కుటుంబాలకు పనిని ముక్కలుగా పంచి చేయించే పద్ధతి అని. తప్పు లేదు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి, ఇంట్లో మగ్గం మీద చీర నేయించి, చీరకు ఇంత అని మజూరీ కట్టే పద్ధతి తెలిసిన తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో చెప్పుల వ్యాపారం ఇలాగే నడిచింది. వర్తకుడు తోలు కత్తిరించి ఇస్తే ఆడవాళ్లు ఇళ్లలో పైభాగం కుట్టేవారు, మగవాళ్లు చిన్న షాపుల్లో అట్ట బిగించేవారు, లెక్క జతల మీద. ఆ తర్వాత జరిగింది ముఖ్యం. చెప్పు మొత్తం చేయగలిగిన కళాకారుడు ఒక్క ముక్కే చేసే కూలీ అయ్యాడు. అతని పని ఎవరైనా చేయగలిగేది కాబట్టి రేటు బేరమాడే బలం పోయింది. పుస్తకం ఈ మార్పును అధ్యాయం లోపల శ్రద్ధగా వివరిస్తుంది. పట్టికలో మాత్రం ఆర్టిజన్, పుటింగ్ అవుట్ రెండు వేర్వేరు ఎంట్రీలుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కూర్చుంటాయి. ముందువైపు పదం, వెనక వివరణ ఉండే ఫ్లాష్‌కార్డు రాసుకునేటప్పుడు ఈ రెంటినీ కలిపి రాయాలి.

రోడ్ ఐలండ్, లోవెల్ పద్ధతుల తేడా కూడా విద్యార్థి విడిగా రాసుకోవాల్సిందే. శామ్యూల్ స్లేటర్ 1790లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లో నీటి బలంతో నూలు వడికించాడు. అక్కడ పనిచేసింది పిల్లలు, కుటుంబాలు. మిల్లు చేసేది నూలు మాత్రమే, నేత బయటి ఇళ్లలోనే సాగింది. బోస్టన్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ 1813లో వాల్తామ్‌లో మొదలై, 1820ల్లో లోవెల్ పట్టణానికి విస్తరించిన పద్ధతి వేరు. వడకడం నుంచి గుడ్డ దాకా అన్నీ ఒకే కప్పు కింద. వాటాలు అమ్మి కూడబెట్టిన పెట్టుబడి. పల్లెల నుంచి వచ్చిన పెళ్లికాని యువతులు, కంపెనీ బోర్డింగ్ ఇళ్లు, సమయానికి మోగే గంటలు. కూలి తగ్గించినప్పుడు 1834లో, బోర్డింగ్ ఖర్చు పెంచినప్పుడు 1836లో వాళ్లు పని ఆపి బయటికి వచ్చారు. పుస్తకంలో లోవెల్ భాగం చక్కగా ఉంది, పనివాళ్ల నియమాల మీద మూలపాఠం కూడా ఇచ్చారు. అది తప్పకుండా చదవాలి.

ఇదే అధ్యాయంలో దిద్దుకోవాల్సిన చోటు ఒకటుంది. మొహాక్ అండ్ హడ్సన్ రైల్‌రోడ్‌ను ఆవిరి ఇంజనుతో నడిచిన మొదటి అమెరికన్ రైలు మార్గంగా పట్టిక చెబుతుంది. ఆ రైలు ఆల్బనీ దగ్గర తొలిసారి నడిచింది 1831 ఆగస్టులో. దక్షిణ కరోలినాలో ‘బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్’ అనే ఇంజన్ ప్రయాణికులతో వేళ ప్రకారం తిరగడం మొదలుపెట్టింది 1830 డిసెంబర్ 25న. బాల్టిమోర్ అండ్ ఒహాయో మార్గం కూడా 1830లోనే తెరిచారు, కానీ మొదట గుర్రాలే లాగాయి. కాబట్టి ఆ వాక్యాన్ని ‘న్యూయార్క్ రాష్ట్రంలో మొదటిది’ అని మార్చి రాసుకోవాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ‘మొదటిది ఏది’ అన్నదానికి విలువ తక్కువే కానీ, చార్లెస్టన్ ఎందుకు తొందరపడిందన్న ప్రశ్నకు విలువ ఉంది. సవానా నది మీదుగా సవానా రేవుకు పోతున్న పత్తిని తన రేవుకు తిప్పుకోవాలని ఆ నగరం ఆశించింది. రైలు అంటే ఉత్తరాది ఫ్యాక్టరీలదే అనుకునే పొరపాటు ఈ ఒక్క వాస్తవంతో పోతుంది.

ఈరీ కాలువ విషయంలో పట్టిక చెప్పేది భౌగోళికం. హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపింది అని. కార్డులో ఉండాల్సినవి అంకెలు. 1817లో తవ్వకం మొదలు, 1825లో పూర్తి. పొడవు 363 మైళ్లు, వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు, 83 లాకులు. ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు, పెట్టింది న్యూయార్క్ రాష్ట్రం. కేంద్రం ఇవ్వలేదు. బఫలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు చేర్చడానికి అంతకు ముందు సుమారు 100 డాలర్లు అయ్యేది, ఆ తర్వాత 10 డాలర్ల లోపుకు పడిపోయింది. ఈ చివరి వాక్యం తెలిస్తే చాలు, ఒహాయో రైతు తనకోసం పండించుకోవడం మానేసి అమ్మకానికి గోధుమ ఎందుకు వేశాడో, న్యూయార్క్ రేవు ఫిలడెల్ఫియాను ఎలా దాటిపోయిందో రెండూ రాయొచ్చు.

ల్యాండ్ ఆఫీసులు అన్న ఎంట్రీ కూడా ఇలాంటిదే. ప్రభుత్వ భూమి కొనుక్కునే చోట్లు అని ఉంటుంది. ఆ ఆఫీసులో ఏం జరిగేదో చూస్తేనే 1819 ఆర్థిక సంక్షోభం అర్థమవుతుంది. 1785 ఆర్డినెన్స్ పశ్చిమ భూమిని 6 మైళ్ల చదరపు టౌన్‌షిప్‌లుగా, ఒక్కోదాన్ని 36 సెక్షన్లుగా కొలిచింది. సెక్షన్ అంటే 640 ఎకరాలు, 16వ సెక్షన్ బడికి. 1796లో ఎకరం 2 డాలర్లు, కనీసం 640 ఎకరాలు కొనాలి. అంటే 1,280 డాలర్లు ఉంటే గాని గుమ్మం తొక్కే పని లేదు. 1800 చట్టం కనీస కొలత 320కి తగ్గించి, నాలుగో వంతు ముందు కట్టి మిగతాది నాలుగేళ్లలో తీర్చే అప్పు పద్ధతి పెట్టింది. 1804లో 160 ఎకరాలకు దిగింది, ముందు కట్టాల్సింది 80 డాలర్లు. ఇక ఎవరైనా కొనొచ్చు. కొన్నారు. ధరలు పెరుగుతాయన్న ఆశతో తాహతుకు మించి కొన్నారు. యూరప్‌లో పత్తి, ధాన్యం ధరలు పడిపోయి, రెండో జాతీయ బ్యాంకు రుణాలు వెనక్కి లాక్కోవడంతో 1819లో వాయిదాలు కట్టలేక కుప్పకూలారు. 1820 చట్టం అప్పును పూర్తిగా తీసేసింది. 80 ఎకరాలు, ఎకరం ఒకటింపావు డాలర్, మొత్తం 100 డాలర్లు, రొక్కం. ఈ ఐదు మెట్లు ఒకే కార్డు మీద ఉండాలి. విడివిడి చట్టాలుగా గుర్తుపెట్టుకుంటే పరీక్షకు ముందే మరిచిపోతారు.

స్పీసీ కూడా భూమి కార్డుకే తగిలించాలి. బ్యాంకులు నోట్లు ముద్రించి అప్పులిస్తుంటే, ఆ నోట్లతో భూమి కొనేవాళ్లు పెరిగారు. 1836 జులైలో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం స్పీసీ సర్క్యులర్ జారీ చేసి, ప్రభుత్వ భూమికి వెండి బంగారమే తీసుకోవాలంది. తూర్పు బ్యాంకుల్లోని నాణేలు పశ్చిమానికి తరలాయి. అదే సమయంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పెంచింది, పత్తి ధర పడింది. 1837 మేలో న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు నాణేలు ఇవ్వడం ఆపేశాయి. జాక్సన్ సర్క్యులర్ ఒక్కటే కారణమని రాసే విద్యార్థులకు మార్కులు తగ్గుతాయి. మూడింటినీ రాయాలి.

ఐదో అధ్యాయం ఈ పుస్తకంలో పదాలకు అత్యుత్తమం. స్వాతంత్ర్య పోరాటానికి ముందరి పన్నుల గొడవ. పట్టికలో ప్రత్యక్ష పన్ను, పరోక్ష పన్ను, వైస్ అడ్మిరాల్టీ కోర్టులు, దిగుమతి బహిష్కరణ ఉద్యమం అన్నీ ఉన్నాయి, అధ్యాయం లోపల ప్రతిదానికీ తగిన సందర్భం ఉంది. ఇక్కడ విద్యార్థులు జారిపడేది వేరే చోట. పన్ను పెంచారు కాబట్టి తిరగబడ్డారు అని అన్నింటికీ ఒకే కారణం అతికిస్తారు. 1764 షుగర్ చట్టం మొలాసిస్ (చెరకు మడ్డి) మీద సుంకాన్ని గ్యాలన్‌కు 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు తగ్గించింది. 1733 నాటి 6 పెన్నీల సుంకాన్ని దాదాపు ఎవరూ కట్టలేదు, దొంగరవాణాతో, లంచాలతో సరిపెట్టేవారు. కొత్త చట్టం తగ్గించి, ఖచ్చితంగా వసూలు చేయబోయింది. పట్టుబడినవాళ్లను జ్యూరీ లేని వైస్ అడ్మిరాల్టీ కోర్టుకు పంపింది. అసలు మంట అక్కడ.

1765 స్టాంపు చట్టం వలసల లోపల కాగితం మీద నేరుగా వేసిన పన్ను. 1767 టౌన్షెండ్ చట్టాలు గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద రేవులో వేసినవి. మొదటిది ప్రత్యక్షం, రెండోది పరోక్షం. ‘లోపలి పన్ను వద్దన్నారు కదా, బయటి పన్ను కడతారులే’ అన్న లండన్ లెక్క ఎందుకు తప్పిందో చెప్పగలిగితే ఈ రెండు పదాలూ వచ్చినట్టు.

టీ చట్టం ఇంకా తమాషా. 1773లో టీ ధర తగ్గింది. ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో టీ అమ్ముడుపోక పేరుకుపోయింది. లండన్ వేలంతో పని లేకుండా తన ఏజెంట్ల ద్వారా నేరుగా వలసల్లో అమ్ముకునే హక్కు, బ్రిటన్‌లో కట్టిన సుంకం వాపసు దానికి దక్కాయి. పౌండుకు 3 పెన్నీల టౌన్షెండ్ సుంకం మాత్రం ఉంచారు. డచ్ దొంగ టీ కంటే ఇది చవక. స్థానిక వర్తకుల నోట మట్టి, పార్లమెంటు పన్నుకు దొడ్డిదారి ఆమోదం. 1773 డిసెంబర్ 16న బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. ఉత్తర సర్కార్లను 1766లో నిజాం నుంచి రాయించుకున్న కంపెనీయే ఇది. జాయింట్ స్టాక్ కంపెనీ అన్న పదం రెండో అధ్యాయంలో వర్జీనియా కంపెనీ దగ్గర వస్తుంది. తెలుగు పాఠకుడు ఆ పదాన్ని మచిలీపట్నం ఫ్యాక్టరీతో కలిపి గుర్తుపెట్టుకుంటే తప్పేమీ లేదు, ఒకే రకం చార్టరు, ఒకే రకం వాటాలు.

నేవిగేషన్ చట్టాల మీద నాలుగో అధ్యాయం సరిపడా ఉంది. 1651, 1660, 1663, 1673 చట్టాలను విడివిడిగా మోయక్కర్లేదు. మూడు నియమాలు చాలు. సరుకు ఇంగ్లిష్ లేదా వలస ఓడల్లోనే పోవాలి. పొగాకు, చక్కెర, నీలిమందు వంటి జాబితా సరుకులు ఇంగ్లండ్‌కో ఇంగ్లిష్ వలసకో మాత్రమే అమ్మాలి. యూరప్ సరుకు ఇంగ్లండ్ మీదుగా రావాలి. మర్కంటైలిజం (వలసల వ్యాపారం మాతృదేశానికే లాభం తేవాలన్న విధానం) కార్డు వెనక ఈ మూడూ రాస్తే, సాల్యుటరీ నెగ్లెక్ట్ (ఇంగ్లండ్ చూసీచూడనట్టు వదిలేయడం) అంటే వీటిలో ఏది అమలు కాలేదో కూడా దానంతట అదే తెలుస్తుంది.

పన్నెండో అధ్యాయం పత్తిది. పదాల ఎంపికలో ఇది తొమ్మిదో అధ్యాయం కంటే చాలా మెరుగు. కాటన్ జిన్, క్యాష్ క్రాప్, దేశీయ బానిస వ్యాపారం, సెకండ్ మిడిల్ పాసేజ్, పేటర్నలిజం (బానిసలకు తామే తండ్రిలాంటివాళ్లమన్న యజమానుల వాదన) అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లు తెలియనివాళ్లు ఉండరు కాబట్టి మనవాళ్లు ఈ పదాన్ని యంత్రం దగ్గరే ఆపేస్తారు. ఎలీ విట్నీ 1793లో చేసి 1794 మార్చిలో పేటెంటు పొందిన ఆ యంత్రం పొట్టి పింజ పత్తిలోని గింజను వేరుచేసింది. చేత్తో రోజుకు ఒక పౌండు శుభ్రం చేయడం కష్టమైన చోట, ఆ యంత్రంతో 50 పౌండ్లు అయ్యేది. శ్రమ తగ్గింది కాబట్టి బానిసత్వం తగ్గి ఉండాలి అనుకోవడం ఈ అధ్యాయంలో అతి సాధారణమైన పొరపాటు. జరిగింది సరిగ్గా తలకిందులు. గింజ తీయడమే అడ్డంకిగా ఉన్నప్పుడు వేయలేని నేల అంతా పత్తికి తెరుచుకుంది. దున్నడానికి, ఏరడానికి మనుషులు కావాల్సి వచ్చారు. 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసల సంఖ్య 1860కి సుమారు 39.5 లక్షలు. విదేశాల నుంచి తేవడం 1808 జనవరి 1 నుంచి నిషేధం. అందుకే వర్జీనియా, మేరీలాండ్ నుంచి అలబామా, మిసిసిపీ, లూసియానాలకు సుమారు 10 లక్షల మందిని తరలించారు. కొందరిని యజమానులు వెంట తీసుకుపోయారు, ఎక్కువమందిని అమ్మారు. కుటుంబాలు ముక్కలయ్యాయి. సెకండ్ మిడిల్ పాసేజ్ అన్న పేరు దీనికే. ఈ పదాన్ని పట్టికలో పెట్టినందుకు పుస్తకాన్ని మెచ్చుకోవాలి, చాలా గైడ్లు దీన్ని వదిలేస్తాయి.

ఒక లంకె మాత్రం చదివేవాళ్లే గట్టిగా వేసుకోవాలి. లోవెల్ మిల్లుకు పత్తి ఎక్కడిది? దక్షిణాది నుంచే. తొమ్మిదో అధ్యాయం ఉత్తరానిది, పన్నెండోది దక్షిణానిది అని విడగొట్టడం వల్ల రెండు వేర్వేరు ఆర్థిక వ్యవస్థలన్న భ్రమ కలుగుతుంది. మధ్యలో న్యూయార్క్ వర్తకుల రుణాలు, బీమా, ఓడలు ఉన్నాయి. 9 తర్వాత నేరుగా 12 చదివి, ఆ తర్వాత 10, 11కి వెనక్కి రావడం మంచిది.

పెద్ద లోటు అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ దగ్గర. ఎనిమిదో అధ్యాయం లోపల అతని పథకం ఉంది, చివరి పట్టికలో మాత్రం ఎక్స్‌వైజెడ్ వ్యవహారం, రాజద్రోహ చట్టాలు, మార్బరీ కేసు వంటి రాజకీయ పదాలదే రాజ్యం. ఆర్థిక వృద్ధి మీద చదివేవాళ్లు నాలుగు కార్డులు సొంతంగా చేర్చుకోవాలి. ఫండింగ్: సుమారు 5.4 కోట్ల డాలర్ల జాతీయ రుణానికి పాత పత్రాలు తీసుకుని ముఖవిలువకు కొత్తవి ఇవ్వడం, అందువల్ల సైనికుల దగ్గర చవగ్గా కొన్న సట్టా వ్యాపారులకు లాభం. అసంప్షన్: రాష్ట్రాల యుద్ధ రుణాలు, సుమారు 2.5 కోట్లు, కేంద్రం తలకెత్తుకోవడం, అప్పటికే చాలావరకు తీర్చేసిన వర్జీనియా గింజుకోవడం, 1790లో రాజధానిని పొటోమాక్ ఒడ్డుకు ఇచ్చి రాజీ పడటం. బ్యాంకు: 1791, 20 ఏళ్ల చార్టరు, కోటి డాలర్ల మూలధనం, అందులో ప్రభుత్వ వాటా 20 లక్షలు. ఎక్సైజ్: విస్కీ మీద 1791లో పన్ను, 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా తిరుగుబాటు. వీటి పక్కన 1791 డిసెంబర్ నాటి పరిశ్రమల నివేదిక పెడితే, కాంగ్రెస్ నాయకుడు హెన్రీ క్లే చెప్పిన అమెరికన్ సిస్టమ్ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. 1816 రక్షక సుంకం, 1816 రెండో బ్యాంకు, రోడ్లు కాలువలు దానికి మూడు కాళ్లు. ఆ బ్యాంకు చార్టరు పొడిగింపును 1832 జులైలో, మేస్‌విల్ రోడ్డుకు కేంద్రం డబ్బిచ్చే బిల్లును 1830లో జాక్సన్ వీటో చేశాడు. బ్యాంకు గొడవ పదో అధ్యాయంలో చక్కగా ఉంది.

ఒకే పదం రెండు అధ్యాయాల్లో రెండు పనులు చేసే చోట్ల పుస్తకం హెచ్చరించదు. ఏడో అధ్యాయపు ఫెడరలిస్టులు 1787, 1788లో రాజ్యాంగ ఆమోదం కోరినవాళ్లు. ఎనిమిదో అధ్యాయంలో అదే పేరు హామిల్టన్ పార్టీది. మాడిసన్ మొదటి గుంపులో నాయకుడు, రెండోదానికి ప్రత్యర్థి. ఏడో అధ్యాయపు రాడికల్ విగ్ అనే రాజకీయ వర్గానికి, పదో అధ్యాయంలో 1830ల్లో పుట్టిన విగ్ పార్టీకి పేరే ఉమ్మడి. పన్నెండో అధ్యాయంలో ఫిలిబస్టర్ అంటే నికరాగువాలో విలియం వాకర్ చేసినట్టు సొంత సైన్యంతో పరాయి దేశం మీద పడేవాడు, సెనేట్‌లో గంటల తరబడి మాట్లాడేవాడు కాదు. కార్డు ముందువైపు పదం పక్కన ఏళ్లు రాస్తే ఈ గందరగోళం మొత్తం పోతుంది.

ఇక కార్డులు చేసే పద్ధతి. పట్టికను కాపీ చేసి ఆంకీ లాంటి ఉచిత ఫ్లాష్‌కార్డు ప్రోగ్రాంలో నేరుగా పడేయడం అందరూ చేసే పని, అందుకే అందరికీ నిర్వచనం వస్తుంది, జవాబు రాదు. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు నిలువు వరసలు పెట్టండి. పదం, ఏళ్లు, లావాదేవీ ఎలా నడిచింది, ఒక అంకె, ఎక్కడ బెడిసింది. లావాదేవీ వరస తెలుగులో రాసుకోవచ్చు, అర్థం చేసుకోవడానికి అదే మేలు. పదం, అంకె మాత్రం పరీక్ష భాషలో ఉంచాలి. ఎక్సెల్‌లో దాచేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోవాలి. ఆంకీలో దిగుమతి చేసేటప్పుడు ఏ వరస ఏ ఫీల్డుకో ఒకసారి సరిచూసుకోండి, ఒక నిర్వచనంలో కామా ఉండి కొటేషన్ గుర్తులు లేకపోతే అక్కడి నుంచి వరసలన్నీ పక్కకు జరుగుతాయి. ట్యాబ్‌తో విడగొట్టిన ఫైలు వాడితే ఈ బెడద లేదు. ఆండ్రాయిడ్ యాప్, కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితం, ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. రోజుకు కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది. ఇలాంటి బరువైన కార్డులకు అది ఎక్కువ, 8కి తగ్గించండి. లేకపోతే రెండో వారానికి పునశ్చరణే గంట దాటి, పిల్లలు వదిలేస్తారు.

పుస్తకం సైటులో ఉచితంగా ఖాతా తెరిస్తే వాక్యాలకు రంగులు వేసి నోట్సు రాసుకోవచ్చు. అధ్యాయంలో ముద్ద అక్షరాల్లో ఉన్న పదానికి కాదు, దాని తర్వాతి రెండు మూడు వాక్యాలకు రంగు వేయండి. కార్డుకు కావాల్సింది అక్కడ ఉంటుంది. పీడీఎఫ్ పెద్ద ఫైలు, పాత ఫోన్లలో నెమ్మదిగా తెరుచుకుంటుంది. కావాల్సిన అధ్యాయాల పేజీలు మాత్రం ప్రింటు తీసుకోవడం చాలామందికి చాలు. లైసెన్సు కూడా పంచుకోవడానికి అనుమతిస్తుంది, మూలం పేర్కొంటే సరిపోతుంది. అందువల్ల తెలుగు సంఘాల వారాంతపు తరగతుల్లో కాపీలు పంచడానికి, తెలుగులో వివరణలు చేర్చడానికి ఇబ్బంది లేదు.

ఎవరికి ఎంత? ఏపీ పరీక్షలో 1754 నుంచి 1800, 1800 నుంచి 1848, 1844 నుంచి 1877 అనే మూడు కాలాలకూ ఒక్కోదానికి 10 నుంచి 17 శాతం బరువు ఉంది. అంటే ఇక్కడ చెప్పిన పదాలు చాలావరకు బరువైన చోటే ఉన్నాయి. 1491 నుంచి 1607 వరకు 4 నుంచి 6 శాతమే కాబట్టి రెండో అధ్యాయంలో జాయింట్ స్టాక్ కంపెనీ, మర్కంటైలిజం, కొలంబియన్ ఎక్స్‌ఛేంజ్ దాటి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. పత్రాల ఆధారంగా రాసే వ్యాసంలో పత్రాల్లో లేని సాక్ష్యం ఒకటి సొంతంగా తేవాలి. భూమి ధరల మెట్లు, ఈరీ రవాణా ఖర్చు, ఫండింగ్ లాంటివి అక్కడ సరిగ్గా అతుకుతాయి. టెక్సస్‌లో ఎనిమిదో తరగతి స్టార్ పరీక్షకు 1877 వరకే సిలబస్ అయినా ఈ పుస్తకం కాలేజీ స్థాయి భాష, ఆ వయసు పిల్లలకు బరువు. తల్లిదండ్రులు చదివి కార్డులు చేసి ఇస్తే పనికొస్తుంది. సివిల్స్ హిస్టరీ ఆప్షనల్ వాళ్లు 5, 7 అధ్యాయాలతో పాటు బానిసత్వం కోసం 12, 14 చూస్తే చాలు. పౌరసత్వ పరీక్షకు చదివే పెద్దవాళ్లకు ఇదంతా అనవసరం, ఆ ప్రశ్నల జాబితా, జవాబులు ప్రభుత్వ సైటులోనే ఉచితంగా ఉన్నాయి.

అచ్చు ప్రతి కొనాలా అంటే, ఈ పని ఒక్కదానికే అయితే అక్కర్లేదు. 4, 5, 7, 8, 9, 10, 12 అధ్యాయాలు ఆ వరసలో కాకుండా 4, 5, 7, 8, 9, 12, 10 వరసలో ప్రింటు తీసి స్పైరల్ వేయించుకోండి. ప్రతి అధ్యాయం చివరి పట్టిక పక్కన ఖాళీ కాగితం ఒకటి చేర్చండి, లేని పదాలు రాసుకోవడానికి. తొమ్మిదికి రెండు కాగితాలు కావాలి.